పచ్చనీళ్ళ చెరువు, మే నెల ఎండ: తెల్లవారకముందే వెళ్ళినా బొచ్చె ఎర ముట్టడం లేదు

సిద్దిపేట_గాలం
ఎండలు ముదిరినప్పటి నుంచి మా ఊరి చెరువు నాతో ఆడుకుంటోంది. నిండితే అరవై ఎకరాలు. ఇప్పుడు మూడో వంతు నీళ్ళు కూడా లేవు, తూము దగ్గర మాత్రం నిలువెత్తుకు పైగా లోతు ఉంది. నీళ్ళు చిక్కటి ఆకుపచ్చ. చేపల సొసైటీ వాళ్ళను అడిగే గాలం వేస్తున్నాను, ఆ పేచీ ఏమీ లేదు. ఎండ పడదని ఐదింటికల్లా గట్టు మీద ఉంటున్నాను. బొచ్చెలు కళ్ళెదుటే పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, వీపులు కూడా కనిపిస్తున్నాయి. వాటి మధ్యలోనే ఎర పడుతోంది, బెండు మాత్రం కదలదు. వేరుశనగ చెక్క, తవుడు, కాస్త మైదా. చలికాలంలో ఇదే ముద్దకు మంచి బొచ్చెలు పడ్డాయి. ఎర మార్చాలా, చోటు మార్చాలా, అసలు ఈ సరదానే మానుకోవాలా?

బెండు_మునిగింది
మేలో చేపలకూ వేసవి సెలవులే. జూన్‌లో బడి తెరిచాక రండి.

పులుసు_ముఖ్యం
వీపులు కనిపించేంత దగ్గరగా ఉంటే వల విసిరితే పోయేది కదా! గాలం వాళ్ళ ఓపికకు ఓ దండం.

తవుడుముద్ద
తిరకాసు ముద్దలోనే ఉంది. చలికాలపు ముద్ద ఎండాకాలం పనికిరాదు. చెక్కను రాత్రి నానబెట్టి తెస్తే పొద్దుటికే పులిసిపోతుంది. ఆ వాసనకు బొచ్చె కన్నా ముందు జెల్లలు, జిలేబీ చేపలు చేరి ముద్దను కొరికి విడగొడతాయి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది అడుగున పడ్డ ముద్దను వెతుక్కునే రకం కాదు. నీటి మధ్యలో నెమ్మదిగా కరిగి, చుట్టూ పొడి వ్యాపించే ఎర దానికి కావాలి. తవుడు దోరగా వేయించండి. చెక్కను నానబెట్టకుండా దంచి జల్లించి కలపండి. మైదా సగానికి తగ్గించండి. వేయించిన సోంపు పొడి ఒక చెంచా వేస్తే నాకు ఎప్పుడూ పనిచేసింది. నీళ్ళు ఇంటి నుంచి తీసుకెళ్ళకండి, ఆ చెరువు నీటితోనే గట్టు మీద అప్పటికప్పుడు కలపండి.

మానేరు_అంచు
తవుడుముద్ద గారు ఏ చర్చనైనా వంటింట్లోకే తీసుకెళతారు. సిద్దిపేట గారూ, మీ వేళ సరైనదే, చోటే తేడా. నేను కరీంనగర్‌లో దిగువ మానేరు దగ్గర వేస్తుంటాను. మే నెలలో తెల్లవారుజాము తప్ప ఇంకో వేళ లేదు. ఎనిమిది దాటితే కర్ర సర్దుకోవడమే. తూము వదిలి వేరే చోట వేసి చూడండి.

చెరువు_లెక్క
ఆ బొచ్చెలు మేతకు రాలేదు, ఊపిరికి వచ్చాయి.

నేను చదివింది మత్స్యశాస్త్రం, చేసేది చేపల రైతులకు సలహాలిచ్చే పని. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్ళు దాటేయండి.

నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు దిగుతుంది. మరోపక్క ఆ వేడికి చేప ఒంట్లో జరిగే పని పెరిగి, దానికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాల్సి వస్తుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారమన్నమాట.

ఇది ఏ చెరువుకైనా ఉన్నదే. మీ చెరువుకు అదనపు చిక్కు ఆ ఆకుపచ్చ రంగుతో వచ్చింది. అది కంటికి కనిపించనంత చిన్న నాచు. పగలు ఎండలో అది ఆక్సిజన్ తయారుచేస్తుంది, మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకల్లా నీటిలో ఇమిడే దానికన్నా ఎక్కువే పోగవుతుంది. పొద్దు గుంకాక తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. నాచు, చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ రాత్రంతా అందులోంచే పీల్చుకుంటాయి. అలా తరిగి తరిగి అన్నిటికన్నా తక్కువకు చేరేది సరిగ్గా తెల్లవారే ముందు. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి వస్తే బొచ్చె, రోహు మేత మీద ఆసక్తి వదిలేస్తాయి. ఇంకా తగ్గితే, గాలి తగిలే పై పొర నీటిని మొప్పల మీదుగా పంపుకోవడానికి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. మీరు ఐదింటికి చూస్తున్న దృశ్యం అదే. ఆ వేళ దాని ముందు పాయసం పెట్టినా తినదు.

ఎండ పడ్డాక రెండు మూడు గంటలు ఆగండి. తొమ్మిది నుంచి పదకొండు దాకా ఒక విడత, సాయంత్రం ఐదు నుంచి చీకటి పడ్డాక కాసేపటి వరకు ఇంకో విడత. నడిమధ్యాహ్నం ఆక్సిజన్ బాగానే ఉన్నా, పై నీళ్ళు మరీ వేడెక్కి చేప కిందికి దిగుతుంది. మీరు కూడా నీడకు చేరాల్సిన సమయం అది.

మానేరు_అంచు
లెక్క బాగుంది గానీ నా అనుభవానికి అతకడం లేదు. మానేరులో ఐదున్నరకు పడ్డంత ఇంకెప్పుడూ పడదు. ఇన్నేళ్ళుగా నేను చూస్తున్నది కల కాదు కదా.

చెరువు_లెక్క
మానేరు గారూ, మీరు చూస్తున్నదీ నిజమే. మీది పెద్ద జలాశయం, దాని మీద గాలికి అడ్డు లేదు. రాత్రంతా అల కొడుతూనే ఉంటుంది కాబట్టి గాలిలోని ఆక్సిజన్ నీటిలో కలుస్తూ ఉంటుంది. నీటిలో నాచు కూడా అంత చిక్కగా ఉండదు. అలాంటి చోట తెల్లవారే వేళ నీళ్ళు చల్లగా ఉంటాయి, ఊపిరికీ లోటు ఉండదు. ఊరి చెరువు అలా కాదు. గట్టు చుట్టూ తాటిచెట్లు, తుమ్మలు, పైగా నీళ్ళు తగ్గి గుంటలా మిగిలింది. గాలి కూడా ఆడదు.

ఒక చిన్న పరీక్ష ఉంది, చేపల రైతులు చేసేదే. అరచేయి పైకి తిప్పి మోచేయి దాకా నీటిలో ముంచండి. అరచేయి మసగ్గానైనా కనిపిస్తే ఫరవాలేదు. మోచేయి మునిగేలోపే మాయమైతే నాచు మితిమీరినట్టు. అలాంటి చెరువుకు తెల్లవారుజామున వెళ్ళడం దండగ.

కొల్లేటి_పక్షి
చెరువు_లెక్క గారు చెప్పింది మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. చేపల చెరువుల మీద నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రి పొద్దుపోయాక వేసి తెల్లవారే దాకా తిప్పేది ఇందుకే. ఇంకో మాట. పచ్చనీళ్ళ చెరువుకు ఎండ కన్నా మబ్బు ప్రమాదం. రెండు రోజులు మబ్బు పట్టి గాలి ఆగిపోతే నాచు తయారుచేసేది తక్కువ, తాగేది ఎక్కువ అవుతుంది. అలాంటి రోజుల్లో పొద్దున తొమ్మిదయినా చేపలు నోళ్ళు తెరుచుకునే ఉంటాయి. మా నాన్నగారు మబ్బు పడితే ఆ రోజు మేత బస్తా విప్పనిచ్చేవారు కాదు.

సిద్దిపేట_గాలం
చేయి ముంచి చూశాను. మోచేయి దాకా పోనేలేదు, అరచేయి కనిపించడం మానేసింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి: పది రోజుల కింద సొసైటీ వాళ్ళు పెద్ద వల లాగారు. దాని ప్రభావం ఉంటుందా?

సాగర్_గట్టు
ఆ మాట మొదటే చెబితే సగం చర్చ మిగిలేది! వల లాగిన చెరువులో చేప వారం పది రోజులు బెదిరే ఉంటుంది. బొచ్చె మరీ. అది వలను చూసి ఎగిరి దూకి తప్పించుకునే చేప, అంత త్వరగా మరిచిపోదు. పైగా వల అడుగు బురదను కెలుకుతుంది, దాంతో ఊపిరి సమస్య ఇంకాస్త పెరుగుతుంది. మిగిలినవి ఎక్కడికి చేరి ఉంటాయో చూసుకోండి. మీ చెరువులో మిషన్ కాకతీయ కింద పూడిక తీశారా?

సిద్దిపేట_గాలం
తీశారు. శిఖం వైపు, అంటే నిండితే నీళ్ళు ముంచే నేల వైపు, మూడు పెద్ద గుంతలు ఉన్నాయి. ఇంకా చెరువుతో కలిసే ఉన్నాయి, మధ్యలో మోకాలి లోతు నీళ్ళు.

సాగర్_గట్టు
అయితే మీ చేపలు అక్కడే ఉన్నాయి. 2015లో ఆ పథకం మొదలైనప్పటి నుంచి మా చుట్టుపక్కల చెరువుల్లో వేసవి గాలం తీరే మారిపోయింది. అంతకుముందు నీళ్ళు తగ్గితే తూము దగ్గర తప్ప లోతు ఉండేది కాదు, వల కూడా అక్కడే పడేది. ఇప్పుడు ఆ గుంతల్లో వల సరిగ్గా ఆనదు, అంచులు నిట్టనిలువుగా ఉంటాయి కాబట్టి కిందనుంచి చేప జారుకుంటుంది. గుంత మధ్యలో వేయకండి. మోకాలి లోతు నుంచి ఒక్కసారిగా లోతుకు దిగే ఆ అంచు ఉంటుంది చూడండి, దాని మీద వేయండి. చల్లబడ్డాక చేప లోతు నుంచి మేతకు ఎక్కివచ్చే దారి అదే.

దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. పూడిక తీసిన గుంత అంచు కాలు పెడితే జారుతుంది, ఈత వచ్చినవాళ్ళనూ ఆ బురద వదలదు. గట్టు మీద నుంచే విసరండి.

అలుగు_దగ్గర
గుంతల సంగతి నిజం. మా ఊళ్ళో అయితే ఏ జేసీబీ ఎక్కడ తవ్విందో గుర్తుపెట్టుకున్న ముసలాయనే ఇప్పుడు గాలం గురువు.

కొర్రమీను_కోసం
అందరూ బొచ్చె చుట్టూనే తిరుగుతున్నారు. తెల్లవారుజామున ఆక్సిజన్ లేకపోతే ఏమిటి? కొర్రమీనుకు ఆ బాధే లేదు. దాని తలలో మొప్పల పైన గాలి నిలిచే గది ఉంటుంది, పైకి వచ్చి నేరుగా గాలి గుటక వేసి వెళ్ళిపోతుంది. పైకి రానివ్వకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చే చేప అది. మిగతావన్నీ నీరసపడి ఉన్న వేళ దానికి పండగ. చిన్న పరకలు కూడా పైకే వచ్చి తేలుతుంటాయి కదా, నోటికి అందేంత దూరంలో.

సిద్దిపేట గారూ, మీరు ఐదింటికి లేవడం మానకండి. చెక్కముద్ద ఇంట్లో పెట్టి ఎరగా రబ్బరు కప్ప పట్టుకెళ్ళండి. తుంగ, జమ్ము మొలిచిన అంచు, గుర్రపుడెక్క ఆకుల మధ్య ఖాళీలు చూసుకోండి. కదలకుండా కాసేపు కూర్చుంటే ఎక్కడ గుటక వేస్తోందో తెలుస్తుంది: చిన్న చప్పుడు, ఒక వలయం, రెండు బుడగలు. ఆ వలయం మీద కప్పను పడేయకండి, దాటించి వేసి ఆకుల మీదుగా నెమ్మదిగా లాక్కురండి. కొట్టగానే కర్ర ఎత్తేస్తే కప్ప మీ మొహం మీదికి ఎగిరి వస్తుంది. దారం బిగిసేదాకా ఆగండి. ఒకటి, రెండు అని మనసులో అనుకుని అప్పుడు లాగండి.

బెండు_మునిగింది
ఆ "ఒకటి, రెండు" అనుకునే నిగ్రహం ఉంటే నేను సన్యాసంలో ఉండేవాణ్ణి.

తవుడుముద్ద
రబ్బరు కప్పకు పెట్టే డబ్బుతో బస్తా తవుడు వస్తుంది.

కొర్రమీను_కోసం
బస్తా తవుడుకు ఒక్క కొర్రమీను కూడా రాదు కదండీ.

టెక్సోమా_తెలుగు
నేను డల్లాస్ దగ్గర ఉంటాను, వారాంతాల్లో టెక్సోమా సరస్సుకు వెళతాను. ఎర్రనదికి అడ్డంగా డెనిసన్ ఆనకట్ట కట్టి 1944లో నింపిన సరస్సు అది. ఇక్కడ లోతు ఎక్కువ కాబట్టి కథ కాస్త వేరు. వేసవిలో నీళ్ళు రెండు అంతస్తులుగా విడిపోతాయి: పైన వేడిగా తేలికైన నీళ్ళు, కింద చల్లగా బరువైన నీళ్ళు. రెండూ కలవవు. కింది అంతస్తులో ఆక్సిజన్ ఖర్చవుతూ పోతుంది, పైనుంచి కొత్తది చేరదు. చల్లగా ఉంది కదా అని చేప అడుగుకు పోదు, పోలేదు. రెండు అంతస్తుల మధ్య ఉన్న పొరకు కాస్త పైన నిలబడుతుంది. పడవలోని సోనార్ తెర మీద ఆ పొర మసక గీతలా కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాని కింద ఎర వదిలి రోజంతా కూర్చుంటారు. చారల బాస్ అయితే తెల్లవారగానే షాడ్ అనే చిన్నచేపల గుంపులను తరుముతూ పైకి వస్తుంది, పొద్దెక్కితే మళ్ళీ ఆ పొర పైకి దిగుతుంది.

ఇక్కడ లైసెన్సు లేకుండా గాలం పట్టుకుంటే జరిమానా పడుతుంది. ఇండియా నుంచి వచ్చిన మామయ్యలను సరదాగా తీసుకెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

సాగర్_గట్టు
టెక్సోమా గారు చెప్పిన అంతస్తుల సంగతి నాగార్జునసాగర్ లాంటి లోతైన చోట కొంతవరకు పనికొస్తుంది. సిద్దిపేట గారి చెరువుకు కాదు. నిలువెత్తు నీళ్ళలో పగలు ఏర్పడిన తేడా రాత్రికి చెరిగిపోతుంది.

సాగర్‌లో అసలు సమస్య మట్టం. నిండితే 590 అడుగులు, ఎండాకాలం చివరికి 510 దగ్గరకు దిగిన ఏళ్ళు ఉన్నాయి. ఎనభై అడుగులు! చలికాలంలో మీరు కూర్చున్న బండ వేసవిలో కొండ మీద ఉంటుంది. పాత గుర్తులన్నీ వృథా. ఏటవాలుగా ఉన్న మెత్తటి ఒడ్డు వదిలేసి, రాళ్ళు నిట్టనిలువుగా నీళ్ళలోకి దిగే చోటు పట్టుకోవాలి. అక్కడ చేప పది బారలు ఈదకుండానే లోతు మారగలదు, అందుకే అక్కడ నిలుస్తుంది. నీళ్ళు దిగినప్పుడు ఒకసారి ఫోనుతో ఒడ్డు ఫోటోలు తీసి పెట్టుకోండి. మళ్ళీ నిండాక ఏ రాయి ఎక్కడ ఉందో మీకు తప్ప ఎవరికీ తెలియదు. వేసవి గాలంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఇదే, చేప పడినా పడకపోయినా.

పులుసు_ముఖ్యం
చేప పడకపోయినా నచ్చే పని అని ఒకరు ఒప్పుకున్నారు. చరిత్రలో నమోదు చేయండి.

మానేరు_అంచు
గాలి గురించి ఎవరూ మాట్లాడలేదు. సాయంత్రం గాలి లేస్తుంది కదా, అది ఏ గట్టుకు కొడుతుందో ఆ గట్టు మీద నిలబడండి. చాలామంది మొహానికి గాలి తగలకుండా వీపు పెట్టి, గాలి వచ్చే వైపు గట్టు మీద కూర్చుంటారు. విసరడం తేలిక, నిజమే. కానీ బొచ్చె మేసే సూక్ష్మజీవులన్నీ గాలికి కొట్టుకుపోయి ఎదుటి గట్టుకు చేరతాయి. అక్కడ అల కొట్టి నీళ్ళలో గాలి కూడా కలుస్తుంది. చెరువు_లెక్క గారి లెక్క ప్రకారమే అయినా అక్కడే పడాలి.

చెరువు_లెక్క
నూటికి నూరు పాళ్ళు. మీ మాటకు ఒక్కటి కలుపుతాను: బెండు కింద దారం పొడుగు. గాలి కొట్టే గట్టున బొచ్చెకు అడుగు, అడుగున్నర చాలు. రోహు నడి నీళ్ళలో మేస్తుంది. ఎర్రమోసు, బంగారుతీగ కావాలంటే ఎర అడుగుకు ఆనాలి. ఒకే లోతులో మూడింటినీ ఆశించి కూర్చోవద్దు.

తవుడుముద్ద గారికి కోపం రాదంటే ఇంకోటి. వేసవిలో మేత చల్లడం తగ్గించండి. చేపలను పిలవడానికని బుట్టెడు చెక్క కుమ్మరిస్తారు. తినకుండా మిగిలింది అడుగున కుళ్ళి, ఉన్న కాస్త ఆక్సిజన్‌ను అదే మింగేస్తుంది. పిడికెడు చాలు, చేప తింటున్నట్టు తెలిశాకే ఇంకో పిడికెడు.

తవుడుముద్ద
కోపం దేనికి? పిడికెడు చాలన్నది నేనూ ఒప్పుకుంటాను. బుట్టలు కుమ్మరించేది స్ప్రింగు వేసేవాళ్ళు. స్ప్రింగు చుట్టూ అరడజను గాలాలు కట్టి, ముద్ద దట్టించి, నాలుగు కర్రలు వరసగా పాతి నిద్రపోతారు. చేప నోటికి తగిలిందో పొట్టకు తగిలిందో కూడా చూసుకోరు.

అలుగు_దగ్గర
స్ప్రింగు వేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నిద్రపోను. కర్రకు గంట కడతాను.

నిశాచరి
ఇంత ఎండలో పగలు వెళ్ళడమెందుకో నాకు అర్థం కాదు. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు. నాచు వల్ల వచ్చిన ఆక్సిజన్ అప్పటికి ఇంకా మిగిలే ఉంటుంది, నీళ్ళు చల్లబడుతుంటాయి, గట్టు మీద మనుషులు ఉండరు. వాలుగ అసలు బయటికి వచ్చేదే చీకట్లో. దానికి చేప ముక్కో, కోడి పేగులో పెట్టి అడుగున వదలండి. దవడ నిండా సన్నటి పళ్ళు, మామూలు దారం కొరికేస్తుంది. గాలం పైన జానెడు తీగ తప్పనిసరి.

టార్చి నీళ్ళ మీద వేయకండి, కాళ్ళ ముందు వేసుకోండి. ఎండాకాలం రాత్రి కప్పల కోసం పాములు కూడా గట్టుకే వస్తాయి. నిండు బూట్లు వేసుకుని, ఒక్కరే కాకుండా వెళ్ళండి.

బెండు_మునిగింది
పున్నమి రాత్రి చేపలు పడవంటారు, నిజమేనా?

నిశాచరి
నాకు పున్నమికి తక్కువ, అమావాస్యకు ఎక్కువ పడతాయి. వాలుగ విషయంలో మాత్రమే చెబుతున్నాను.

మానేరు_అంచు
నాకు సరిగ్గా తలకిందులు. చంద్రుణ్ణి వదిలేయండి, ఆ చర్చ మొదలైతే వానాకాలం వచ్చేస్తుంది.

కొల్లేటి_పక్షి
మంజీరా వైపు రాత్రి గాలం గురించి ఎవరైనా ఆలోచిస్తుంటే అక్కడితో ఆపండి. అది మొసళ్ళ అభయారణ్యం. పాకాల కూడా అభయారణ్యంలో ఉన్న చెరువే. మా కొల్లేరు పక్షుల అభయారణ్యం. ఖాళీగా కనిపించిన ప్రతి నీళ్ళలోనూ గాలం వేయవచ్చని అనుకోవద్దు.

టెక్సోమా_తెలుగు
పట్టి వదిలేసేవాళ్ళు ఉంటే ఒక మాట. చలికాలంలో వదిలిన చేప, వేసవిలో వదిలిన చేప ఒకటి కావు. వేడి నీళ్ళలో పోరాడి అలిసిన చేపకు మళ్ళీ ఊపిరి అందడానికి చాలా సేపు పడుతుంది. ఆగస్టులో లోతు నుంచి లాగిన చారల బాస్ ఈదుకుంటూ వెళ్ళినట్టే కనిపించి తర్వాత తేలుతుంది. అందుకే ఇక్కడ పెద్దవాళ్ళు వేసవిలో అనుమతి ఉన్నన్ని పట్టి ఆపేయమంటారు, పట్టి వదులుతూ పోవద్దంటారు.

పులుసు_ముఖ్యం
ఇన్ని రోజులకు ఒక శాస్త్రీయమైన మాట విన్నాను. వేసవిలో వదలకూడదు, వండాలి.

కొర్రమీను_కోసం
నవ్వులాటకు బాగానే ఉంది గానీ వదలాల్సింది వదలాలి. చెయ్యి తడుపుకుని పట్టుకోండి, ఎండకు కాలిన బండ మీద పెట్టి ఫోటోలు తీయకండి, గాలం తీసేదాకా నీళ్ళలోనే ఉంచండి. సన్న దారంతో గంటసేపు ఆడించడం ఏ మొనగాడితనమూ కాదు. కాస్త లావు దారం వేసి త్వరగా ఒడ్డుకు తెస్తే చేపకూ మేలు.

సిద్దిపేట_గాలం
సాయంత్రం గుంత అంచున వేశాను, గాలి కొట్టే వైపు, అడుగున్నర లోతులో, మైదా తగ్గించి. రెండు రోహులు, ఒక బొచ్చె. పెద్దవి కావు గానీ బెండు కదిలింది. ఇప్పుడు కొత్త సందేహం. ఈ వారం ఉరుములతో వానలని చెబుతున్నారు. వాన పడ్డ మర్నాడు వెళ్ళవచ్చా?

కొల్లేటి_పక్షి
ఏ వాన అన్నదాన్ని బట్టి. మా వైపు చేపల రైతుకు మొదటి పెద్దవాన అంటే గుండె దడ. బాగా వేడెక్కిన చెరువు మీద ఒక్కసారిగా చల్లటి వాన పడితే పై నీళ్ళు బరువెక్కి కిందికి దిగుతాయి, అడుగున ఊపిరి లేని నీళ్ళు, బురద వాయువులు పైకి లేస్తాయి. తెల్లవారేసరికి చేపలు తేలతాయి. అలాంటి మర్నాడు గాలానికి ఏమీ పడదు. చచ్చి తేలినవాటిని ఏరుకుని వండుకోవడం మాత్రం వద్దు.

సాగర్_గట్టు
కాసేపు కురిసి పోయిన చిన్న జల్లు అయితే మేలే చేస్తుంది. నీళ్ళు చల్లబడతాయి, చినుకులకు గాలి కలుస్తుంది. అదే రోజు సాయంత్రం వెళ్ళండి. ఉరుము వినిపిస్తే మాత్రం ఎంత పెద్ద చేప గాలానికి ఉన్నా కర్ర కింద పడేసి దూరం జరగండి. ఇప్పటి కర్రలు కార్బన్‌తో చేసినవి, కరెంటును తేలిగ్గా పారనిస్తాయి. తాటిచెట్టు కిందికి పరుగెత్తకండి, పిడుగు ముందు వెతికేది దాన్నే. గట్టు పక్కన కరెంటు తీగలు ఉన్న చోట కర్ర ఊపడమూ అంతే ప్రమాదం.

అలుగు_దగ్గర
అసలు రోజు ఇంకొకటి ఉంది. గట్టివాన పడి వాగు కదిలి, చెరువులోకి కొత్త నీరు దిగే మొదటి రోజు. కట్ట వదిలేసి వాగు కలిసే చోటుకు వెళ్ళండి. ఎర్రనీళ్ళు, పాత నీళ్ళు కలిసే గీత స్పష్టంగా కనిపిస్తుంది. పరకలు, జెల్లలు, కొర్రమీనులు అన్నీ ఆ గీత దాటి ఎదురెక్కుతాయి. వానపాము చాలు, ఇంకే ఎరా అక్కర్లేదు. ఊళ్ళో వాళ్ళు మావులు (చేపలు దూరి చిక్కుకునే బుట్టలు) పెట్టేది కూడా అక్కడే, కాబట్టి చోటు కోసం ముందే మాట్లాడుకోండి.

తవుడుముద్ద
వానపాము కన్నా ఉసిళ్ళు. తొలివాన తర్వాత దీపం చుట్టూ చేరతాయి కదా, డబ్బాలో పట్టి పెట్టుకోండి. సన్న గాలానికి మూడు నాలుగు గుచ్చి, సీసం లేకుండా నీటి పైన వదలండి. ఆ వారం పది రోజులు చేప వేరే మేత వైపు చూడదు.

పులుసు_ముఖ్యం
ఉసిళ్ళను మేం వేయించుకుని తింటాం. చేపలకు పెట్టేంత దానగుణం లేదు.

బెండు_మునిగింది
మృగశిర నాటికి కొర్రమీను ధర చూస్తే గాలం వేయడమే చవక అనిపిస్తుంది. సిద్దిపేట గారూ, ఆ రోజుకు మా ఇంటికి ఒకటి.

కొర్రమీను_కోసం
ఇక్కడే ఒక గట్టి మాట చెప్పాలి. వానలు మొదలయ్యాక గడ్డి అంచుల్లో ఎర్రటి చిన్నపిల్లల గుంపు పైకీ కిందికీ ఆడుతూ కనిపిస్తుంది. దాని కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. గుంపు మధ్యలో కప్ప వేస్తే కొట్టడం ఖాయం, ఎందుకంటే అవి ఆకలితో కొట్టవు, పిల్లల కోసం కొడతాయి. అలా పట్టడం గొప్పగా వీడియోలు పెడుతున్నారు. పెద్దచేప పోయిన గంటలో జిలేబీలు, జెల్లలు ఆ వందల పిల్లలను ఊడ్చేస్తాయి. తెలంగాణ రాష్ట్ర చేప అని పేరు పెట్టుకుని ఇదా చేసేది?

అలుగు_దగ్గర
మేం వదిలేస్తే మావు పెట్టేవాళ్ళు వదులుతారా? చివరికి నష్టపోయేది గాలం వాడే.

కొర్రమీను_కోసం
మావు వాళ్ళతో మీ ఊళ్ళో మీరు మాట్లాడండి, మా ఊళ్ళో నేను మాట్లాడుతున్నాను. సొసైటీ పెద్దలకు చెబితే వింటున్నారు. వచ్చే ఏడు పట్టుకోవాల్సింది వాళ్ళే కదా.

చెరువు_లెక్క
పిల్లల గుంపు కనిపించిన చోట నుంచి ఇరవై ముప్ఫై అడుగులు పక్కకు జరిగి వేయండి. పిల్లలు లేని కొర్రమీనులు కూడా అదే గడ్డిలో ఉంటాయి.

సిద్దిపేట_గాలం
సరే. మా సొసైటీ అధ్యక్షుడు వరసకు బాబాయి అవుతాడు, గుంపుల సంగతి ఆదివారం మాట్లాడతాను. రబ్బరు కప్ప ఏ రంగుది కొనాలి?

కొర్రమీను_కోసం
పచ్చనీళ్ళకు నలుపు. చేప కిందనుంచి ఆకాశం వైపు చూస్తుంది, నల్లది బాగా కనిపిస్తుంది.

మానేరు_అంచు
తెలుపు.